జహరా ఆపా, ఉల్లంకి పిట్ట కాళ్ళు

మొన్న మా కోడలు ఉల్లిపాయ ముక్కల మీద వెనిగర్ పోస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. వెంటనే నాకు లాడ్ బజార్ వెనక సందులో ఫోటోలు కడిగే చీకటిగది కళ్ళ ముందుకొచ్చింది. ఎర్రదీపం, అదే ఘాటు, పళ్ళెంలో మందునీళ్ళు, ఆ నీళ్ళలో ఊగే కాగితం మీద మెల్లగా తేలివచ్చే పిట్ట బొమ్మ, దాని మీదికి ఊపిరి బిగబట్టి వంగిన జహరా ఆపా.

ఆపా అంటే అక్క. జహరా ఆపా ఫోటోలు తీసేది. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాళ్ళ కెమెరా ముందు కూర్చోరు కనుక ఆమె స్టూడియోకే వచ్చేవారు. భర్త దగ్గర నేర్చుకున్న ఆ పనే ఆయన పోయాక ఆమెకు బతుకుతెరువు. మాది జహనుమా బస్తీలో పాల వ్యాపారం. ఒక దీపావళికి నేను మా దున్నపోతు కొమ్ములకు రంగులు వేస్తుంటే, అటుగా పోతున్న ఆపా జట్కా ఆపించి చాలాసేపు చూసి, ఫోటోలకు రంగులు వేస్తావా అని అడిగింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మా అత్త ఒప్పుకోవడానికి వారం పట్టింది. నలుపు తెలుపు బొమ్మల మీద పెళ్ళికూతుళ్ళ పెదవులకు ఎరుపు, గాజులకు ఆకుపచ్చ అద్దడం నా పని. అసలు రంగేమిటో అడిగేదాన్ని కాదు, అందంగా ఉంటే చాలనుకునేదాన్ని.

ఆపాకు మాత్రం పెళ్ళికూతుళ్ళకంటే ఉల్లంకి పిట్టలంటే ప్రాణం. చలికాలంలో మీరాలం చెరువు ఒడ్డున బురదలో పరుగులు తీసే పిచ్చుకంత పిట్టలవి. శుక్రవారం తెల్లవారగానే జట్కాలో కెమెరా వేసుకొని వెళ్ళేది. ప్రపంచయుద్ధం వచ్చి ఫోటో తీసే గాజు ప్లేట్లు దొరక్కపోయినా, వాటి కోసం రెండు మూడు దాచుకునేది.

ఒకసారి ఆమె తీసిన ఉల్లంకి ఫోటోకు నేను కాళ్ళు నల్లగా దిద్దాను. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మాస్టారు దాన్ని చూసి, ఒకేలా కనిపించే రెండు రకాల ఉల్లంకుల్లో నల్లకాళ్ళదాని పేరు రాసి, తరగతి గోడకు తగిలించుకున్నారు. నేను పొంగిపోయాను. ఆపా మాత్రం పిట్టల పుస్తకం తెరిచి, ఇంకో ప్రతిని కిటికీ దగ్గర పట్టుకొని, ఆ రకానికి వీపు మీద చారలుండాలి, దీనికి లేవేమిటని గొణుక్కుంది.

“సత్తెమ్మా, కాళ్లు నల్లగున్నయని నీకెట్ల ఎరుక?”

“పిట్టల కాళ్లు గట్లనే ఉంటయి గద, ఆపా.”

“చూసినవా?”

తల అడ్డంగా ఊపాను. పని పోయినట్టే అనుకున్నాను. ఆపా మాత్రం, “గల్తీ నాదే. నీకు పిట్టను చూపియ్యకుంట రంగు అడిగిన,” అంది. అప్పటికే తన చూపు మందగించిందని, దూరాన ఉన్న రంగులు ఆనడం లేదని ఆరోజే నాకు చెప్పింది. మధ్యాహ్నం బురఖా వేసుకొని కాలేజీకి వెళ్ళి, ఆ బొమ్మను గోడ మీదినుంచి దింపించి తెచ్చింది. ఇంత చిన్న సంగతికి ఎందుకంత పట్టుదల అని మాస్టారు చిరాకుపడ్డారట.

తర్వాతి శుక్రవారం నన్నూ వెంటబెట్టుకుపోయింది. పిట్టలు మమ్మల్ని చూసి బెదరకుండా స్టూడియో పరదాను నాలుగు వెదురు కర్రలకు కట్టి, దానిలోని చిన్న కంతగుండా కెమెరా పెట్టింది. ఇద్దరం లోపల మోకాళ్ళ మీద కూర్చున్నాం.

“పుట్టిన కాడినుంచి పరదా ఎనకనుంచే దునియా చూస్తున్న,” అని ఆమె గుసగుసగా నవ్వింది. “ఈ పనికి నాకన్న తయారైనోళ్లు ఎవరుంటరు, బేటీ?”

పిట్టలు దగ్గరికొచ్చాయి గానీ కాళ్ళ నిండా బురద. అంతలో ఎవరివో బర్రెలు నీళ్ళలోకి దిగాయి. పిట్టలన్నీ లేచిపోయాయి. నేను పరదాలోంచి బయటికొచ్చి, మా ఇంట్లో పిలిచే పిలుపుతో బర్రెలను మళ్ళించాను. తిరిగొచ్చేసరికి ఆపా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

ఎండ ముదిరాక పిట్టలు తిరిగొచ్చాయి. అందులో ఒకటి బురద దాటి తేటనీళ్ళలోకి దిగింది. నాలుగడుగులు వేసేసరికి దాని కాళ్ళు కడిగినట్టయ్యాయి.

“ఆపా, నల్లగ లేవు. ఎండుగడ్డి తీరుగున్నయి, పసుపు రంగు.”

“పక్కానా?”

“పక్కా.”

ఆమె మీట నొక్కింది. ఆ చప్పుడుకు పిట్ట లేచింది. ఎగిరేటప్పుడు దాని తోక అంచులు తెల్లగా మెరిశాయి. అది ఆపాకూ కనబడింది. పుస్తకంలో పసుపుకాళ్ళ రెండో రకానికి రాసి ఉన్న గుర్తు అదే. ఆ బురదలోనే నన్ను గట్టిగా హత్తుకుంది.

ఈసారి నేను కాళ్ళకు పసుపు అద్దిన బొమ్మను తీసుకోవడానికి మాస్టారే స్టూడియోకు వచ్చారు. ఆయన పాత బొమ్మ మీది పేరు కొట్టేసి, కొత్తదాని మీద రెండో రకం పేరు రాసుకున్నారు. ఆ కొత్త బొమ్మ వెనకవైపు ఆపా ఉర్దూలో ఏదో రాసింది. నాకు చదవడం రాదని ఆయనే చదివి చెప్పారు. ఫోటో తీసినది జహరా, కాళ్ళ రంగు చూసినది సత్తెమ్మ అని ఉందట.

ఆనాటినుంచి ప్రతి పెళ్ళికూతురినీ చీర రంగేమిటని అడిగాకే కుంచె పట్టాను. నాకు తెలియదు, నేను చూడలేదు అనడానికి ఇప్పటికీ సిగ్గుపడను. కళ్ళారా చూసినదాన్ని మాత్రం ఎంత పెద్దవాళ్ళు కాదన్నా వదిలిపెట్టను.