రెండు చేతులు చూపిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిరిగిన చీర ఒక్కటి కూడా మసిగుడ్డ కాలేదు. అన్నిటినీ మా చిన్నాయన కాజేసేవాడు. మా బాపుకు తమ్ముడు, పట్నంలో డిగ్రీ చదివేవాడు. ప్రత్యేక తెలంగాణ కావాలంటూ, చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదికొచ్చి, కాలేజీలు మూతపడ్డ ఏడాది అది. పెట్టె సర్దుకుని బచ్చన్నపేట దగ్గరి మా ఊరికి వచ్చేశాడు. ఊరికే ఎందుకు కూర్చోవడం, చేను దిక్కన్నా పొమ్మని బాపు అంటే, సరేనని చేనుకే పోయేవాడు. కాకపోతే చేతిలో కొడవలి ఉండేది కాదు, కాగితపు రాకెట్టు ఉండేది.

మనుషులతో చంద్రుడి చుట్టూ తిరిగి క్షేమంగా కిందికి దిగిన రాకెట్టు బొమ్మ ఆ మధ్యే పేపర్లో వచ్చింది. దాన్ని చూసి, కొలతలు తగ్గించి, అచ్చం అదే తీరులో మూరెడు రాకెట్టు చేశాడు చిన్నాయన. పాత పేపర్లకు మైదాపిండి లై రాసి కర్రకు చుడితే ఒళ్లు తయారు. అట్టముక్కలు రెక్కలు, చెక్కిన మక్కజొన్న బెండు ముక్కు. తెలుపుకు సున్నం, నలుపుకు లాంతరు మసి. కడుపులో దీపావళికి మిగిలిన జువ్వ. అది పైకి పోయాక ఢప్పుమంటే ముక్కు ఊడాలి, లోపల మడిచిపెట్టిన గుడ్డ గొడుగులా విచ్చుకోవాలి, రాకెట్టు మెల్లగా దిగాలి. ఆ గుడ్డ మా నాయనమ్మ ఎర్రచీర ముక్క.

దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి విరిగేది. చిన్నాయన అరుగు మీద కూర్చుని రెక్క అతికిస్తుంటే నేను లై గిన్నె పట్టుకునేదాన్ని. అతుకు మీద అతుకు పడి అది మొదటి రాకెట్టో కాదో కూడా తెలియకుండా పోయింది. కొత్తది చేసుకోవచ్చు కదా అని అడిగితే నవ్వాడు. "పైకి పంపుడు ఎవ్వలైనా పంపుతరు బిడ్డా. మల్ల ఇంటికి తెచ్చుకునుడే అసలు పని" అన్నాడు.

ఆ తెచ్చుకోవడం ఏమంత తేలిక కాదు. మాది ఆముదపు చేను, మనిషి మునిగేంత ఎత్తు. అందులో పడ్డ వస్తువు కోసం దిక్కు తెలియకుండా వెతికితే పొద్దంతా తిరిగినా దొరకదు. అందుకని చిన్నాయన ఒక ఉపాయం చేసేవాడు. నన్ను బావిగడ్డ మీద, నాయనమ్మను అటు చివర బండ మీద నిలబెట్టేవాడు. రాకెట్టు ఆకుల్లో మునిగిన చోటికి ఇద్దరం చెయ్యి చాపి, అట్లాగే పట్టుకోవాలి. ఆయన నా చెయ్యి చూపిన దారినే నడుచుకుంటూ పోయి, నాయనమ్మ చెయ్యికి సూటిగా వచ్చాక ఆగి వంగేవాడు. రాకెట్టు అక్కడే ఉండేది.

నాయనమ్మకు చెయ్యి గుంజేది. "సచ్చినోడా, నన్ను దిష్టిబొమ్మను చేసినవ్ గదరా!" అని ఆ మూల నుంచి అరిచేది. ఆ మాట తిట్టు కాదు, ఆమె ముద్దు అది. ఒకరోజు నాకు బావిగడ్డ మీద ఒక్కదాన్నే నిలబడాలంటే విసుగొచ్చి నాయనమ్మ దగ్గరికి ఉరికాను. చిన్నాయన కోప్పడలేదు. దగ్గరికొచ్చి కూర్చుని చెప్పాడు. "ఒక్కకాడ ఎంతమంది నిలబడ్డా ఒక్కరి కిందనే లెక్క. ఎటు పోయిందో తెలుస్తది, ఎందాక పోయిందో తెల్వది. గిటుకెల్లి ఒకరు, గటుకెల్లి ఒకరు చూడాలె." అప్పుడు నాకు అది ఆటలో నియమంలాగే అనిపించింది.

చివరిసారి ఎగరేసిన రోజు గాలి ఎక్కువగా ఉంది. ఎర్రగుడ్డ విచ్చుకున్న రాకెట్టు చేను నడిమికి కొట్టుకుపోయింది. మేమిద్దరం చేతులు చాపామో లేదో, సైకిల్ మీద ఆయన స్నేహితుడొకడు రొప్పుతూ వచ్చాడు. పట్నంలో పెద్ద ఊరేగింపు ఉందని, బస్సు వచ్చే వేళయిందని తొందరపెట్టాడు. చిన్నాయన మా ఇద్దరి కాళ్ల దగ్గరా, చేతులు చూపిన వైపుకే రాళ్లు వరుసగా పేర్చాడు. "వచ్చినంక దేవులాడుదాం. ఎవ్వలు చేన్లకు పోకుండ్రి, తొక్కుతరు" అన్నాడు.

నాయనమ్మా నేనూ రోడ్డు దాకా పోయాం. "సచ్చినోడా, జర పైలం!" అంది నాయనమ్మ. బస్సు కదిలాక నేను ఆటగా దాని వైపు చెయ్యి చాపాను. కిటికీలోంచి చూసి చిన్నాయన పకపకా నవ్వాడు. మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు నేను.

ఆయన మళ్లీ రాలేదు.

ఊరేగింపులో గొడవైందని, తుపాకుల చప్పుడు వినబడి జనం తలో దిక్కు ఉరికారని కబురొచ్చింది. చెయ్యి పట్టుకునే ఉన్నాను, ఎక్కడ జారిందో తెలియదని ఆ స్నేహితుడు మా వాకిట్లో కూలబడి ఏడ్చాడు. బాపు దవాఖానలన్నీ తిరిగాడు. ఠాణాలు, జైళ్లు తిరిగాడు. చనిపోయినవాళ్లలో లేడు, పట్టుబడ్డవాళ్లలో లేడు. నాయనమ్మ నోట ఆ ముద్దుమాట మళ్లీ ఎవరి మీదా రాలేదు. నన్ను పిలవబోయి కూడా అలవాటుగా 'స' దాకా వచ్చి, నోరు గట్టిగా మూసుకునేది. అది చూస్తే నాకు భయం వేసేది.

చేన్లోకి మాత్రం నాయనమ్మ ఎవరినీ పోనివ్వలేదు. గెలలు కోయనివ్వలేదు, ఎండిన మోళ్లు పీకనివ్వలేదు. "వాడొస్తడు, వాడే తెచ్చుకుంటడు" అనేది. రాకెట్టు అక్కడ ఉన్నంతకాలం కొడుకు దానికోసమైనా వస్తాడని ఆమె నమ్మకం. ఎండాకాలమంతా ఆ చేను గలగలమంటూ నిలబడే ఉంది. గాలి వీస్తే లోపల ఎవరో నడుస్తున్నట్టే వినిపించేది. నాయనమ్మ లేచి నిలబడేది, మళ్లీ కూర్చునేది.

మొగులు కమ్ముకున్న రోజు బాపు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "వాన పడితే కాయితం నాని పోతది అవ్వా. వాడొచ్చి అడిగితే ఏం చూపిస్తం?" అన్నాడు. నాయనమ్మ లేచి, ఎవరినీ పిలవకుండా పోయి, బండ ఎక్కి రాళ్ల వరుస వెంట చెయ్యి చాపింది. నేను బావిగడ్డ మీదికి ఉరికాను.

ఈసారి నడిచింది బాపు. రెండు చేతులు కలిసిన చోట ఆగి, పైకి చూశాడు. రెండు కొమ్మల మధ్య ఎర్రగుడ్డ చిక్కుకుని రాకెట్టు వేలాడుతోంది. ఒక రెక్క ఊడింది, గుడ్డ వెలిసిపోయింది, అంతే. బాపు దాన్ని తెచ్చి నాయనమ్మ ఒడిలో పెట్టాడు. ఆమె దాన్ని తడుముతూ, అన్ని నెలలూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

"దీన్ని ఇద్దరం చూసినం, దొరికింది. నా కొడుకును మనం గిటుకెల్లే చూస్తిమి. గటుకెల్లి చూసినోళ్లు ఒక్కలు లేరా బిడ్డా?"

నాయనమ్మా నేనూ ఆయన బస్సెక్కిన రోజు రోడ్డు పక్కన ఒక్కచోటే నిలబడ్డాం. ఎటు పోయాడో ఇద్దరికీ తెలుసు, ఎందాక పోయాడో ఎవరికీ తెలియదు. ఆటలో నియమం అనుకున్న మాట నాకు అప్పుడు అర్థమైంది.

ఊడిన రెక్కను నేనే అతికించాను. ఆ రాకెట్టు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మళ్లీ ఎగరేయలేదు. దీపావళికి జువ్వలు లేస్తే పిల్లలంతా పైన పువ్వులు చూస్తారు. నేను పుల్ల ఎక్కడ పడిందో చూస్తాను. ఇదేం పిచ్చి నానమ్మా అని నా మనవలు నవ్వుతారు, నవ్వనీ.

మళ్లీ ఇన్నేళ్లకు తెలంగాణ కోసం ఊరూరా దీక్షల డేరాలు వేసినప్పుడు జనగామ డేరాలో నేనూ కూర్చున్నాను. నినాదాలు నావల్ల కాలేదు. తల నెరిసిన మగవాడు ఎవరొచ్చినా దగ్గరికి పోయి, మొదటి ఉద్యమంలో మీరున్నారా అని అడిగేదాన్ని. ఉన్నానంటే, "తుపాకులు పేలిన ఆ రోజు పట్నంల మీరు ఎటు దిక్కు నిలబడ్డరన్నా?" అనేదాన్ని. తెలంగాణ వచ్చింది. డేరాలు తీసేశారు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.