చెంచురామయ్య వాకింగు

చీరాలలో పనీపాటా లేకుండా నడిచిన మొట్టమొదటి మనిషి చీరల కొట్టు చెంచురామయ్యే. 1958 నాటి మాట. అప్పటిదాకా ఎవరైనా గబగబా నడిచారంటే రైలు తప్పిపోతోందనో, ఇంటికి మామగారు దిగారనో అర్థం. కాన్వాసు బూట్లతో, మోకాళ్ల దాకా వేలాడే నిక్కరుతో ఆయన తొలిసారి తెల్లవారగానే ఉరుకుతుంటే, ఎక్కడో కొంప అంటుకుందని వీధి వీధంతా బిందెలతో వెంటపడింది. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి సబ్బు నురగతోనే స్టేషను దాకా వచ్చాడు. తీరా చూస్తే వాకింగట.

భార్య నాంచారమ్మకు తల కొట్టేసినట్టయింది. అసలు డాక్టరు నడవమన్నది ఆవిణ్ణి. షుగరు జబ్బు ముదిరి పాదాలు మొద్దుబారుతున్నాయి, రోజూ నడవకపోతే కాళ్లు దక్కవని తేల్చేశాడు. ఆవిడ ససేమిరా అంది. గుడికీ కాక, సంతకీ కాక, సంసారి ఆడది ఊరికే రోడ్డు కొలుస్తూ తిరుగుతుందా? కాళ్లు పోతే పోనీ, పరువు పోకూడదు.

జబ్బు పెళ్లానిది, వాకింగు మొగుడిదా అని ఊరంతా నవ్వింది. దున్నపోతులా ఉన్న మనిషికి ఇదేం పోయేకాలమని నాంచారమ్మ పక్కింటి జానీబీతో రోజూ మొత్తుకునేది. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. కొట్టుకొచ్చిన వాళ్లకు చీర చూపించే ముందు నడక మహిమ మీద ఉపన్యాసం దంచేవాడు. అది విని మిరపకాయల షావుకార్లు కూడా బొజ్జలు మోసుకుంటూ బయల్దేరారు. ఏడాది తిరక్కముందే ఊళ్లో కాన్వాసు బూట్లకు కరువొచ్చింది.

దీనికి తోడు మతిమరుపొకటి. ఒకరోజు కళ్లజోడు మరిచిపోయి వెళ్లాడు. అది లేకపోతే ఆయనకు లారీకీ గేదెకూ తేడా తెలియదు. నాంచారమ్మ జోడు పట్టుకుని తిట్టుకుంటూ స్టేషను దాకా వెళ్లింది. మర్నాడు పొడుం డబ్బా. ఆ తర్వాత ఏకంగా కట్టుడుపళ్లు.

"పళ్లు మరిచిపోయే మనిషిని ఎక్కడా చూళ్లేదక్కా" అంటూ జానీబీ కూడా తోడొచ్చేది.

మొగుడి పళ్లు చేతిలో ఉన్న ఆడదాన్ని ఎవరేమంటారు? నెలలు గడిచేకొద్దీ ఆయన వాకింగు స్టేషను దాటి రైలు గేటు దాకా పాకింది. ఆవిడ తిట్లూ అంతే దూరం పాకాయి. ఈలోగా పాదాల మొద్దు వదులుతోందని డాక్టరు సంతోషించాడు. అదంతా కాకరకాయ రసం చలవేనంది నాంచారమ్మ.

ఒకరోజు జానీబీ రాలేదు. నాంచారమ్మ కళ్లజోడు తీసుకుని సరుగుడు తోటలో అడ్డదారిన గేటు వెనకవైపు తేలింది. అక్కడ గేటుమాను జక్రయ్య గది ముందు బల్ల మీద చెంచురామయ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బూట్లు పక్కన పడున్నాయి. ముక్కు మీద ఇంకో కళ్లజోడు, చేతిలో పేపరు, నోట్లో గారె.

"మా ఆవిడ కనపడగానే చెప్పవయ్యా. లేచి ఉరకాలి" అంటున్నాడు.

"ఎందుకండీ ఈ అవస్థ? నడవమని అమ్మగారికే చెప్పొచ్చుగా" అన్నాడు జక్రయ్య.

"చెప్తే నడుస్తుందా? నన్ను తిట్టడానికైతే కాశీ దాకా నడుస్తుంది."

నాంచారమ్మ చప్పుడు చేయకుండా వెనక్కి మళ్లింది. తోట చుట్టి రోడ్డెక్కింది. కొంగు బిగించి, ఏనాడూ లేనంత గట్టిగా తిడుతూ ఎదురుగా వచ్చింది. చెంచురామయ్య రెండో జోడు నిక్కరు జేబులో కుక్కి, బూట్లలో కాళ్లు దూర్చి, ఆయాసం నటిస్తూ లేచాడు. ఆవిడ కళ్లజోడు చేతికిచ్చింది.

"పదండి. ఇవాళ మిమ్మల్ని వాడరేవు దాకా తిట్టాలనుంది."

ఆయన ముఖం చూడాలి. పెళ్లాం ముందు పరువు దక్కించుకోవడానికి సముద్రం దాకా నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు చేపల బుట్టల మధ్య ఒంటెద్దు బండిలో పడుకుని మూలుగుతున్నాడు. నాంచారమ్మ బండి పక్కనే, తిట్లు ఆపకుండా, చులాగ్గా నడుచుకుంటూ వచ్చింది.