హాల్లో నీలం కాన్వాసు

దయ్యాలూ గియ్యాలూ లేవు. ఇప్పటికీ అదే అంటాను. ఇది చదివి నన్ను పిరికిదాని కింద జమకట్టకండి.

రాజమండ్రిలో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు హాల్లో సోఫా వెనక గోడకి ఒక కాన్వాసు బొమ్మ తెచ్చాను. ఎవరో పెద్ద చిత్రకారుడు వేసినదానికి అచ్చు, నల్ల ఫ్రేము కట్టి అమ్ముతారు. నీలం, పసుపు, మధ్యలో తెల్లటి మరకలు, అంతే. మనిషన్నది లేని బొమ్మ కావాలనే ఎంచుకున్నాను. నేను మా ఆయనకి రెండో భార్యని. తునిలో మా పాత ఇంటి నిండా చనిపోయిన మొదటావిడ ఫొటోలే. ఈ ఇల్లయినా నాదిగా ఉండాలనుకున్నాను. తప్పా?

శ్రావణ శుక్రవారం పేరంటానికి కింద ఫ్లాటులో కొత్తగా దిగిన విజయ గారిని పిలిచాను. యానాం నుంచి వచ్చారు, మా సంగతులేవీ తెలియవు. తాంబూలం, శనగలు అందుకుంటూ బొమ్మ వంక చూశారు.

"ఆకుపచ్చ చీరలో ఉన్నావిడ ఎవరండీ? భలే కళగా ఉన్నారు."

ఆ బొమ్మలో ఆకుపచ్చ రంగు చుక్కయినా లేదు. మా అత్తగారు చేతిలో పళ్ళెం కింద పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయారు. వెనకాలే వెళ్ళి అడిగితే, మొదటావిడని ఆకుపచ్చ చీరతోనే సాగనంపామన్నారు. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత అత్తగారికీ ఆ బొమ్మలో ఆవిడ కనిపించడం మొదలైంది. మా ఆయన ఆ గోడ వైపు చూడకుండా వీపు తిప్పి కూర్చునేవారు, అడిగితే పేపరు అడ్డం పెట్టుకునేవారు. నాకు మాత్రం రంగులే. ఒళ్ళు మండిపోయింది. అదే అచ్చు మా పళ్ళ డాక్టరు గారి దగ్గర కూడా ఉంది. విజయ గారిని అక్కడికి తీసుకెళ్ళి చూపించాను. అక్కడ విజయ గారికీ రంగులే కనిపించాయి.

"తీసెయ్యమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు అత్తగారు.

తీయనన్నాను. ఆ ఫొటోల మధ్య అణిగిమణిగి ఉన్నది చాలు. నేనే ఏరి తెచ్చుకున్న బొమ్మలోంచి కూడా నన్ను గెంటేస్తే ఊరుకుంటానా?

మరుసటి శుక్రవారం విజయ గారిని పిలిచి, బొమ్మలో ఆ ఆకుపచ్చ చీర ఆవిడ నుదురెక్కడుందో వేలితో చూపించమన్నాను. విజయ గారు వెళ్ళాక అత్తగారిని విడిగా అడిగాను. ఇద్దరూ చూపించింది ఒకే చోటు. అక్కడ కుంకుమ బొట్టు పెట్టాను.

"అక్కా, పేరంటానికి వచ్చావు, బొట్టు పెట్టాను. ఉంటే ఉండు. ఇల్లు మాత్రం నాది."

గట్టిగానే అన్నాను, లోపల మా ఆయనకి వినపడాలనే.

ఆ రోజు నుంచి ఆవిడ ఎవరికీ కనిపించలేదు. ఇదంతా ఏమిటో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. బొమ్మ తీయలేదు, తీయను కూడా. నా ఉక్రోషమల్లా ఒక్కటే. అడగనివాళ్ళకి కనిపించింది. అక్కా అని పిలిచి బొట్టు పెట్టిన నాకు మాత్రం ఒక్కసారీ కనిపించలేదు.