ఎడమ భుజం మీద ఒక తట్టు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు చిన్నప్పట్నుంచీ నవ్వే. మా పేట ఉప్పళంలో పక్కింటి అత్త ఎవరికో దిష్టి తీస్తుంటే పకపకా నవ్వి అమ్మ చేత మొట్టికాయ తిన్నదాన్ని. పైగా నా ఉద్యోగం విమానం నడపడం. మీటర్లు చెప్పింది నమ్ము, నీ ఒళ్ళు చెప్పింది నమ్మొద్దు అని మాకు మొదట్లోనే నేర్పిస్తారు.

మేం నాలుగు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగోళ్ళం. ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం గానీ రాయడం నాకొక్కదానికే వచ్చు. అందుకే ఇది నేనే రాయాల్సి వచ్చింది.

మా నాయనకి రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో సాయంత్రం ఆయన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని బీచికి తీసుకుపోతా. పడిపోకుండా అమ్మ తన పాత చీరతో మా ఇద్దరి నడుములూ కలిపి కడుతుంది. దారి చెప్పేది ఆయనే. నా ఎడమ భుజం మీద ఒకసారి తడితే ఎడమకి, రెండుసార్లు తడితే కుడికి. బీచికి నేరుగా పోవాలి, కానీ మధ్యలో ఒకచోట ఆయన తప్పకుండా ఒకసారి తడతాడు. ఎడమకి పోతే ఐస్‌క్రీం కొట్టుంది. ఆయనకేమో షుగరు. "దేశమంతా తిరిగేదానికి నువ్వు దారి చెప్తావా నాయనా" అని ఎగతాళి చేసి నేరుగా పోతా. నెత్తిన ఒకటి వేస్తాడు.

పోయిన ఐప్పసి నెల, దీపావళి వచ్చే వానల కాలం. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి ఒక పేషెంటును తేవాలి. కాన్పు తరవాత రక్తం ఆగక స్పృహ తప్పిన పిల్ల. పసిబిడ్డ అక్కడే అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. మాది చిన్న జెట్, సీట్లు తీసి స్ట్రెచరు బిగించాం. వెనక డాక్టరమ్మ, ముందు నేనూ, నాసిక్ నుంచి వచ్చిన కోపైలటూ.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. పైకెక్కేటప్పుడు వాతావరణ రాడార్ చూపును కొంచెం ఎత్తి పెడతాం. ఎత్తుకు చేరాక దించాలి. ఎందుకంటే ఉరుముల మబ్బు తలంతా ఎండు మంచు పలుకులు, అవి రాడార్‌కి సరిగా ఆనవు. నీళ్ళుండేది నడుములో, అక్కడ చూస్తేనే తెరమీద ఎరుపు కనబడుతుంది. మా జెట్ పాతది, చేత్తో తిప్పాలి. నేను తిప్పబోతుంటే డాక్టరమ్మ పిలిచింది, పేషెంటు కోసం లోపల గాలి ఒత్తిడి పెంచమని. ఆ పని చేశా, ఈ పని మర్చిపోయా.

నలభై ఒక్క వేల అడుగుల మీద ఉన్నాం. అంత ఎత్తులో వేగం కాస్త తగ్గితే విమానం నిలవదు, కాస్త పెరిగితే తట్టుకోదు. పెద్ద కుదుపు తగిలితే ఏదైనా జరగొచ్చు.

పొద్దు సరిగ్గా ఎదురుగా గుంకుతోంది. కళ్ళలో పొడుస్తుంటే అద్దానికి ఎండ పలక అడ్డం పెట్టుకున్నాం, ముందు ఏముందో కనబడదు. తెరమీద రెండు పసుపు ముద్దలు, మధ్యలో నల్లటి ఖాళీ. నలుపంటే దారి ఉన్నట్టు. డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది, "ఇంకా ఎంతసేపు? బీపీ దిగిపోతా ఉంది." చుట్టూ తిరిగితే పన్నెండు నిమిషాలు ఎక్కువ. "నేరుగా పోదాం" అన్నా. కోపైలట్ తలూపాడు.

అప్పుడు నా ఎడమ భుజం మీద తట్టారు. ఒక్కసారి.

నా ఎడమ పక్కన ఉండేది అద్దమే. భుజానికీ అద్దానికీ మధ్య చెయ్యి పట్టేంత చోటు లేదు. కోపైలట్ చేతులు రెండూ ఒళ్ళో కాగితాల మీదున్నాయి. డాక్టరమ్మ వెనక బెల్టు పెట్టుకుని కూర్చునుంది. నరం లాగిందేమో అనుకున్నా. కాసేపటికి ఇంకొకటి. మూడోది గట్టిగా. ముందు రెండు వేళ్ళు, తరవాత అరచెయ్యి. ఆ తట్టు నాకు బాగా తెలుసు.

"సరే నాయనా" అని పైకే అనేశా. ఎడమకి తిరుగుతామని రేడియోలో అడిగి తిప్పేశా. కోపైలట్ నన్ను వింతగా చూశాడు.

తిరగ్గానే ఎండ కళ్ళలోంచి తప్పుకుంది. ఓరి దేవుడా! మేం దూరబోయిన ఖాళీలో మబ్బు నిలబడి ఉంది. మాకంటే ఇంకో పదివేల అడుగులు పైకి. అంచులన్నీ బంగారం, కడుపునిండా మెరుపులు, పొంగే అన్నంకుండలాగా ఉడుకుతోంది. అంత పెద్దది, అంత అందమైంది నా జన్మలో చూళ్ళేదు. భయం తరవాతొచ్చింది, ముందు దండం పెట్టాలనిపించింది.

రాడార్ చూపు దించా. నల్లటి ఖాళీ అంతా ఎర్రగా నిండిపోయింది. కోపైలట్ మొహం పాలిపోయింది.

చుట్టూ తిరిగి వచ్చేసరికి కింద పుదుచ్చేరి. తీరం పొడుగునా దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆలస్యంగానే చెన్నైలో దిగాం. ఆ పిల్ల బతికింది, పదిరోజులకి అమ్మమ్మ తెచ్చిన బిడ్డని ఎత్తుకుంది.

దిగాక ఫోను తెరిస్తే అమ్మ వాయిస్ మెసేజ్ ఉంది. అమ్మకి రాయడం రాదు, ఏదైనా మాట్లాడి పంపుతుంది. "పాపా, యాడుండావ్? నాయన నా చెయ్యి లాగి ఫోను చూపిస్తా ఉండాడు, నీకు చెయ్యమని. ఏందంటే చెప్పలేడు గదా..." వెనక నుంచి కుర్చీ చెక్క మీద చప్పుడు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. మూడోది గట్టిగా. "ఆ, ఆపేసినాడులే. నీ పని చూసుకో."

అమ్మ మెసేజ్ పంపిన టైము ఐదూ నలభై మూడు. నేను ఎడమకి తిరిగింది మా కాగితాల్లో చూశా. అదీ ఐదూ నలభై మూడే.

నా తప్పు కంపెనీకి రాసిచ్చా. తట్టు సంగతి మాత్రం రాయలేదు, ఏమని రాస్తాను? బెల్టు నొక్కితే కండరం అదురుతుందని తెలిసిన డాక్టరొకాయన అన్నాడు. సరే, ఒప్పుకుంటా. మరి ఆ కుర్చీ చప్పుడు? ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

దిగిన మర్నాడే ఇంటికొచ్చి నాయన ముందు కూర్చుని అడిగా, "నువ్వేనా?" ఆయన స్కూటరు వైపు చూపించాడు. అమ్మ చీర కట్టింది, బయల్దేరాం. ఎప్పుడూ తట్టేచోటే ఒకసారి తట్టాడు.

ఈసారి ఎడమకి తిప్పా. చిన్న కప్పు కొనిచ్చా. ఆయన తింటుంటే నాకు ఏడుపు ఆగలేదు. అమ్మకి చెప్పలేదు.