రెండు దుకాణాల గోలీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాట కన్నా ముందు దెబ్బ వచ్చేది. పాలు పొంగిపోయినా దెబ్బే, బీడీల కట్టలో ఒక్కటి తక్కువైనా దెబ్బే. ఉడుకుతున్న పసుపును తిరగేసే లావుపాటి కట్టె ఒకటి మా నాయనమ్మ చేతిలో ఎప్పుడూ ఉండేది. దాని కొస పచ్చగా అరిగిపోయి ఉండేది. దానితోనే కొమ్ముల్ని తిరగేసేది, దానితోనే మమ్మల్నీ తిరగేసేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు ఎడమ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాతే నోరు తెరిచేదాన్ని. చాలాసార్లు నోరు తెరవడమే మానేసేదాన్ని.

మా నాన్నను బాపు అని, ఆయన తమ్ముణ్ణి చిన్నబాపు అని పిలిచేవాళ్లం. ఆయన దుబాయి పోవాలని పాస్‌పోర్టు తెచ్చుకుని కూర్చున్నాడు. మనిషి మాత్రం చీపురుపుల్ల. మెడికల్‌లో బరువు చూస్తారని, ఇట్లా పోతే తిప్పి పంపిస్తారని ఏజెంటు భయపెట్టాడు. దుబాయి పోయొచ్చిన దోస్తు ఎవడో ఆకలి పుట్టించే గోలీల పేరు చెప్పాడు. అవి మింగుతున్నాడని తెలిస్తే నాయనమ్మ ఊరుకోదు. నేను వండిన బువ్వ సహించక గోలీలు మింగుతున్నావా అని వీపు చీరేస్తుంది. అందుకే బడికి పోతున్నట్టుగా నన్ను మందుల దుకాణానికి పంపేవాడు. అది చాలదన్నట్టు పసుపు దుమ్ముకు ఆయనకు ఆగకుండా తుమ్ములు. వాటికి ఇంకో గోలీ, అది కిరాణా దుకాణంలో దొరికేది. ఒక దుకాణంలో తెచ్చింది ఇంకో దుకాణం వాడికి తెలియదు. ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ చెప్పలేదు. గోలీలు ఆయన చేతిలో పోసి, ఖాళీ రేకులు మెరుస్తున్నాయని నా పలకసంచిలో దాచుకునేదాన్ని.

ఒకరోజు నేనూ ఒక ఆకలి గోలీ మింగాను. నన్ను కూడా అందరూ బక్కదాని కింద జమకట్టి నవ్వేవాళ్లు మరి. ఆ పూట బీడీల చాట ముందు కూర్చుని కూర్చునే నిద్రపోయాను. తంబాకు అంతా ఒలికిపోయింది. నాయనమ్మ కట్టె రెండుసార్లు పిక్కల మీద దిగేదాకా లేవలేదట. ఎందుకు పడుకున్నావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత వారానికే మా కళ్లంలో పసుపు పాలిష్ పెట్టారు. పెద్ద ఇనప డ్రమ్ములో ఎండిన కొమ్ములు పోసి, ఆయిలింజనుకు బెల్టు తగిలించి తిప్పేవాళ్లు. కొమ్ముల మొత్తుకోలుకు పక్కనున్న మనిషి మాట వినిపించేది కాదు. చిన్నబాపు పొద్దున్నే రెండు గోలీలూ మింగాడు. మధ్యాహ్నం బువ్వతో పాటు కల్లు తాగాడు. తర్వాత వచ్చి ఇంజను పక్కన నిలబడ్డాడు. నేను మంచినీళ్ల బిందె మోసుకొస్తున్నాను. ఆయన తల ఒకసారి వాలింది, లేచింది, మళ్లీ వాలింది. ఒళ్లంతా ముందుకు తూలి, కుడిచెయ్యి పోయి పోయి బెల్టు మీద పడింది. రెప్పపాటులో చక్రం మోచేతి దాకా లాక్కుంది. ఆ ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలోనూ నాకు వినిపించింది. పచ్చటి దుమ్ము మీద నెత్తురు చిమ్మింది. బాపు అరుస్తున్నాడు గానీ కాళ్లు కదలడం లేదు. నాయనమ్మే ఉరికొచ్చి, చేతిలో కట్టెతో బెల్టును పక్కనుంచి బలమంతా పెట్టి కొట్టింది. బెల్టు ఊడి ఎగిరిపోయింది. కట్టె నడిమికి విరిగింది.

అంత జరిగినా ఎవరికీ గోలీల సంగతి తట్టలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నిద్రపోయాడంటే కల్లులో మత్తుమందు కలిపారనే అనుకున్నారు. మా దిక్కు అట్లాంటి మాట పుట్టడానికి ఎంతసేపు? చిన్నబాపును, తోడుగా నాయనమ్మనూ నన్నూ దవాఖానకు జీపెక్కించి, బాపు నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని కల్లు దుకాణం మీద పడ్డాడు. జీపు ఆ దారినే పోయింది. రేకులున్న పలకసంచి చంకన పెట్టుకుని నేను జీపులోంచి చూశాను. కుండలు పగులుతున్నాయి, దుకాణపాయన్ను నేల మీద వేసి తన్నుతున్నారు. "నేనేం గలపలేదు, నా పిల్లల మీద ఒట్టు" అని ఆయన నోటి నిండా నెత్తురుతో మొత్తుకుంటున్నాడు. ఆయన చెప్పేది నిజమని ఊళ్లో ఒక్కదానికి తెలుసు. ఆ ఒక్కదాన్ని నేను. నా చెయ్యి మాత్రం చెంప మీదే ఉంది.

దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉంది. చెయ్యి చూసి, ఎముక సరిచేయాలంటే మత్తు ఇవ్వాలంది. చిన్నబాపు అప్పటికే సోయిలో లేడు, పిలిచినా పలకడం లేదు. ఆ చూపు, ఆ నాలుక తడారిన తీరు ఆమెకు నచ్చలేదు.

"కల్లు గాక ఇంకేం మింగిండు? నిజం చెప్పున్రి. తెల్వక దాని మీద మత్తిస్తే ఊపిరే ఆగుతది."

అప్పుడే వచ్చిన బాపు ఏమీ లేదన్నాడు. నాయనమ్మ దేవుడి మీద ఒట్టేసింది. వాళ్లకు తెలిస్తే కదా. డాక్టరమ్మ గది అంతా కలియజూసి, నా దగ్గర ఆగింది. చెంపకు అడ్డం పెట్టిన చెయ్యి చూసిందేమో, ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది.

"చెప్పు బిడ్డా. ఎవ్వరు కొట్టరు. నేనున్న."

పలకసంచి బోర్లించాను. మెరిసే రేకులన్నీ ఆమె ఒళ్లో పడ్డాయి. దోస్తు మాట దగ్గర్నుంచి ఆ పొద్దున మింగిన గోలీల దాకా అన్నీ చెప్పేశాను.

ఆమె ఒక్కో రేకు మీద పేరు చదివింది. రెండూ ఒక జాతి మందులేనని, రెండూ తుమ్ములకు, దురదలకు ఇచ్చేవేనని, వాటిలో ఒకటి ఆకలి కూడా పుట్టిస్తుందని చెప్పింది. రెండూ నిద్ర తెస్తాయి. కలిపి మింగితే నిద్ర ఇంకా ముదురుతుంది, పైన కల్లు పడితే మనిషి తన చేతిలో తాను ఉండడు. అట్లాంటి గోలీ మింగిన వాడు యంత్రం దగ్గరికీ బండి మీదికీ పోవద్దంది. ఆకలి కాకపోతే ఎందుకు కావడం లేదో ముందు చూపించుకోవాలి గానీ, దోస్తు చెప్పాడని మింగుతారా అని బాపును కడిగేసింది.

ఇంతలో నా మీద నీడ పడింది. నాయనమ్మ చేతిలో ఆ సగం కట్టె ఇంకా ఉంది, అది పైకి లేచింది. డాక్టరమ్మ లేచి దాన్ని పట్టుకుంది.

"అమ్మా, గీ పిల్ల చెప్పకపోతే నీ కొడుకు నా చేతులల్ల సచ్చేటోడు. గిన్ని రోజులు ఎందుకు చెప్పలేదో తెల్సా? గీ కట్టెకు భయపడి."

నాయనమ్మ చెయ్యి గాలిలో అట్లాగే ఆగిపోయింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

చాలాసేపు కనిపెట్టుకుని చూసి, అప్పుడు మత్తిచ్చి ఎముక కట్టారు. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం వంకరగానే అతికింది, దుబాయి మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు బాపు పోయి కల్లు దుకాణపాయన కాళ్లు పట్టుకున్నాడు. ఆయన పళ్లు రెండు ఊడిన నోటితో ఒక బూతు తిట్టి, బాపు చెంప మీద ఒక్కటిచ్చి, తర్వాత లేపి కూర్చోబెట్టాడు. నాయనమ్మ ఆ సగం కట్టెను పసుపు ఉడికే పొయ్యిలో పెట్టింది. మళ్లీ ఇంకో కట్టె చేతికి తీసుకోలేదు. నోటితో తిట్టడం మాత్రం పోయేదాకా మానలేదు.

నా పెళ్లి నాడు చిన్నబాపు ఆ వంకర చేత్తోనే నా నెత్తిన అక్షింతలు వేశాడు. తప్పు నాదేనని అప్పుడు ఏడ్చాను. "నీ తప్పేం లేదు బిడ్డా, నీ నోట్లె మాట రాకుంట చేసినోళ్లం మేము" అన్నాడు.

ఇప్పుడు నేను దవాఖానకు పోతే, ఇంట్లో మింగుతున్న గోలీల రేకులన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకుని పోతాను, డాక్టరు బల్ల మీద బోర్లిస్తాను. మొన్న మా మనవరాలు పట్టపగలు పుస్తకం మీద తల పెట్టి పడుకుంది. నా కోపం నాయనమ్మ కోపమే, చెయ్యి దురద పెట్టింది కూడా. వెనక్కి తీసుకుని, ఏం మింగినవ్ బిడ్డా అని అడిగాను. జలుబని పక్కింట్లో గోలీ ఇచ్చారని చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహంలోకే చూసింది. చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.