నాన్న కాయను పాము మింగిన రోజు

మా చిన్నప్పుడు... రాయచూరులో మా ఇంట్లో వైకుంఠపాళి పరిచారంటే, ఇంట్లో లేనివాళ్ళకు కూడా ఒక కాయ పెట్టేవారు. వాళ్ళ తరఫున ఇంకొకరు పాచిక వేయాలి. అది మా అవ్వ, అంటే నాన్నవాళ్ళమ్మ, పెట్టిన పద్ధతి. ఆటలో ఆమె మాటకు తిరుగులేదు.

అవ్వది ఎర్రగాజు ముక్క. నాది చింతపిక్క. నాన్నది ఒక ఇనుప నట్టు... ఎందుకంటే నాన్న కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా మిద్దె ఎక్కితే దూరంగా దాని పొగగొట్టాలు సన్నగా కనిపించేవి. పొగ వస్తోందంటే నాన్న అక్కడ పనిచేస్తున్నాడని నా లెక్క. అక్కడ ఇంకెవరూ లేనట్టు!

ఆ ఎండాకాలం సెలవుల్లో అవ్వ నాకు ఆట నేర్పింది. షాబాద్ బండల మీద పటం పరిచి, నిచ్చెనలూ పాములూ చూపించి, "మీ నాయిన కాయ గిప్పటి సంది నువ్వే ఆడాలె" అంది. పొంగిపోయాను. చాలా పైదాకా తెచ్చేశాను కూడా... ఇంకొంచెం ఉంటే నాన్న గెలిచేవాడే.

అప్పుడు పడింది ఆ పాచిక. గళ్ళు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. తిన్నగా పెద్దపాము నోట్లోకి!

నా కంటికి అది నట్టు కాదు, నాన్నే. పిడికిట్లో బిగించి పట్టుకున్నాను.

"పెట్టు బిడ్డా. గట్ల పట్కోని కూసుంటే ఆటెట్ల అయితది?"

"నేను పెట్టను అవ్వా. పాము నాయినను మింగుతది."

"ఏ దివానా పిల్లా! గిది ఉత్త ఆటనే" అని నవ్వి, నా వేళ్ళు విప్పి, నట్టును తీసి పాము తోక దగ్గర అట్టడుగున పెట్టేసింది.

కాసేపటికే గాలిదుమ్ము లేచింది. తలుపులు టపటపా కొట్టుకున్నాయి. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నేను పరుగున మిద్దె ఎక్కాను... ఆకాశమంతా ఎర్రమట్టి రంగు. పొగ లేదు. గొట్టాలూ లేవు. ఇక నాన్న లేడనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత భయం.

సాయంత్రం షిఫ్టు బస్సు రావలసిన వేళ దాటిపోయింది. "గాలికి చెట్లు పడ్డయేమో, వస్తడు తియ్" అంటూనే అమ్మ వాకిట్లోంచి కదల్లేదు. నేను మళ్ళీ మిద్దె ఎక్కి, ఏమీ కనబడక దిగి వచ్చాను.

లోపల పటం దగ్గర అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. నట్టు అడుగున లేదు... పెద్దపామును దాటి, పై గడిలో ఉంది!

ఎవరైనా ఒక్క గడి తప్పు జరిపితే పటం మడిచేసే మనిషి మా అవ్వ. ఇప్పుడు నా వైపు చూడకుండా పాచికను చేతిలో నలుపుతోంది. అవ్వకు కూడా భయమేసిందని తెలిశాక, నా భయం ఇంకా పెరిగింది. వెళ్ళి ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను.

వాన మొదలయ్యాక వచ్చాడు నాన్న... తలనిండా తడిసిన దుమ్ము, చేతిలో ఖాళీ టిఫిను డబ్బా. బస్సుకు అడ్డంగా చెట్టు పడిందట, అంతే. పటం చూసి, "అరె, నా కాయ గింత పైకి ఎట్ల పోయిందే అమ్మా!" అన్నాడు.

"నీ బిడ్డ మంచిగ ఏసింది" అంది అవ్వ, కొంగుతో ఆయన తల తుడుస్తూ.

ఇప్పుడు మా ఇంట్లో పాములూ నిచ్చెనలూ ఫోన్లోనే. అది ఎవరినీ తప్పు జరపనివ్వదు, ఇంట్లో లేనివాళ్ళకు కాయ పెట్టనివ్వదు. మీ ఇళ్ళలో ఎవరి కాయ ఎవరు ఆడేవారో చెప్పండి, వినాలని ఉంది...

మా అమ్మాయి ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే నేనూ గుమ్మంలోనే కూర్చుంటాను. పామును దాటించి పైన పెడదామంటే, చేతిలో ఆ కాయ లేదు.