గొడుగు సినిమాలో వెనక్కి తిరిగిన పిల్ల

మా చిన్నప్పుడు... మా ఊరి బడికి ఒకసారి సినిమా వచ్చింది. అదీ పట్టపగలు!

కొత్తగా వచ్చిన సారు రాయచూరు నుంచి ప్రొజెక్టరు మోయించుకొచ్చారు. కిటికీలకూ తలుపుకూ గొంగళ్ళు కట్టి, ముందు గోడకు ఎవరిదో తెల్ల ధోవతి వేలాడదీశారు. "ఫ్రాన్సు దేశపు పిల్లల సినిమా... చిన్నదే, మాటలుండవు, కడుపుబ్బ నవ్వుతారు" అన్నారు. పాపం సారు! పిల్లలకంటే ముందు ఊరంతా వచ్చి కూర్చుంది.

సినిమాలో ఒక చిన్న పిల్ల. తడిసిన రాళ్ళ వీధిలో నడిచిపోతుంటుంది. వెనకాలే ఒక నల్ల గొడుగు వస్తుంటుంది... దాన్ని పట్టుకున్న మనిషి లేడు. పిల్ల ఆగితే ఆగుతుంది, నడిస్తే నడుస్తుంది.

ఒక్కరూ నవ్వలేదు.

అప్పటికి మా అమ్మ పోయి మూడు నెలలు. అమ్మను మట్టి చేసి వస్తుంటే మా అవ్వ నన్నూ, చెల్లెలు ఈరమ్మనూ చెరో చేత్తో పట్టుకుని, "ఎన్కకు తిరిగి సూడొద్దు బిడ్డా... సూస్తే మీ అమ్మ పోలేదు, మన ఎంబడే వస్తది" అంది. మా వైపు అందరూ పాటించేదే అది. నాకు పదేళ్ళు. మెడ కూడా కదపకుండా ఇల్లు చేరాను. ఆరేళ్ళ ఈరమ్మ దారంతా ఏడుస్తూనే వచ్చింది.

ఆ చీకటి గదిలో మొదలుపెట్టింది అవ్వే. "గా పిల్ల తల్లి సచ్చిపోయినట్టుంది... ఇడ్సి పోలేక ఎంబడొస్తుంది."

అంతే! గదంతా తెరకేసి అరవడం. "తిరగకు పిల్లా! ఎన్కకు సూడకు!" అది ఉత్త గొడుగేనని సారు కన్నడంలోనూ తెలుగులోనూ మొత్తుకున్నారు. ఎవరు వింటారు?

అప్పుడు... తెర మీది పిల్ల గిరుక్కున తిరిగి మా వైపు చూసింది.

వేళ్ళ సందుల్లోంచి ఆ ముఖం చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అదే క్షణంలో నా వీపుకు చల్లగాలి తగిలింది, తలుపు గొంగడి ఎవరో తీసినట్టు. కేకలు, తోపులాట... సారు కిటికీల గొంగళ్ళు లాగేసి మిషను ఆపేశారు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తెప్పించి ఆ ధోవతికే దిష్టి తీసింది.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఆ సినిమా కనబడింది. కింద ఏయే దేశాల వాళ్ళో ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు, ఎంత ముద్దుగా ఉందోనని రాశారు. ఒకటికి మూడుసార్లు చూశాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు!

మస్కిలో ఉంటున్న ఈరమ్మకు ఫోన్ చేశాను.

"గా పిల్ల యాడ తిరిగిందక్కా? తెర ముందల లేసి తిరిగింది నేను. మిషను ఎలుగు నా మొకం మీద పడ్డది."

"అందరం వద్దని అరుస్తుంటే ఎందుకు తిరిగినవే?"

"అమ్మ వస్తదేమోనని... వచ్చింది. దర్వాజ కాడ గొంగడి పక్కకు దీసి నిలబడ్డది. నీ దిక్కే సూస్తుండె అక్కా. నువ్వు తిరుగుతవేమోనని సూసి సూసి పోయింది."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగకుండానే ఫోన్ పెట్టేశాను. ఆ సినిమా రోజు అవ్వ నన్ను ఎంత మెచ్చుకుందో... చెప్పిన మాట విన్న పిల్లనని. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది.

సినిమాలు అరచేతిలోకి వచ్చేశాయి. గొంగళ్ళు కట్టే పని లేదు, తెరకేసి అరిచేవాళ్ళూ లేరు. ఎవరికి వాళ్ళం ఒంటరిగా చూసుకుంటున్నాం. మీ ఊళ్ళో కూడా వెనక్కి చూడొద్దనేవారా? మీరు విన్నారా, తిరిగి చూశారా? నాకు చెప్పండి...

నేనైతే రోజూ మధ్యాహ్నం తలుపు తీసిపెట్టి, దానికి వీపు పెట్టి కూర్చుని ఆ సినిమా చూస్తున్నాను. ఈసారి చల్లగాలి తగిలితే తిరుగుతాను.